కెమెరా స్క్రీన్‌కి గీతలు పడకుండా, జిడ్డు మరకలు లేకుండా చూసుకోవడం ఎలా?

కెమెరా ఆఫ్ చేయండి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు స్క్రీన్ మీద ఏటవాలుగా పడేలా పట్టుకుని కాస్త అటూ ఇటూ తిప్పి చూడండి. ముందు కనబడేవి వేలిముద్రలు. పైన ఓ పక్కగా జిడ్డు మచ్చ ఒకటి ఉంటే అది మీ ముక్కుది. ఇంకొంచెం తిప్పితే, వెలుతురు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు కనిపిస్తాయి. చాలా కెమెరాలకి ఇవి ఉంటాయి. కిందపడితే స్క్రీన్ పగులుతుంది, అంచు చెదురుతుంది. అంతేగానీ ఇలా గుండ్రంగా తిరిగిన గీతలు పడవు. అవి మనం శుభ్రం చేస్తున్నాం అనుకుంటూ మన చేత్తో గీసినవే.

నా మొదటి కెమెరాకి ఆ గతి పట్టించింది నేనే. సముద్రపు ఒడ్డున ఫోటోలు తీస్తున్నాను. గాలికి తుంపర పడి స్క్రీన్ మసకబారింది. చొక్కా అంచు పట్టుకుని నాలుగుసార్లు గట్టిగా రుద్దాను. చొక్కాకి ఇసుక అంటుకుని ఉందన్న ధ్యాసే లేదు. సాయంత్రం ఫోటోలు జూమ్ చేసి చూస్తుంటే ప్రతి ఫోటోలోనూ ఒకేచోట ఒక వెంట్రుక. లెన్స్ మీద ఉందేమోనని లెన్స్ తుడిచాను. లోపల ఫోటోని పట్టే సెన్సర్ మీద పడిందేమోనని రాత్రంతా టెన్షన్ పడ్డాను. పొద్దున కంప్యూటర్లో చూస్తే ఏ ఫోటోలోనూ వెంట్రుక లేదు. అది స్క్రీన్ మీద పడిన గీత!

అందుకే ఇక్కడ స్క్రీన్ గార్డ్ కన్నా ముందు తుడవడం గురించి చెబుతాను. గార్డ్ అతికించడానికి కూడా ముందు సరిగ్గా తుడవడం రావాలి.

అసలు గీత ఎందుకు పడుతుంది?

ఏ వస్తువు దేన్ని గీయగలదో చెప్పడానికి మోస్ కొలమానం అని ఒకటి ఉంది. ఫ్రెడరిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త 1812లో తయారు చేశాడు. మెత్తటి టాల్క్‌కి 1, వజ్రానికి 10. మన గోరు సుమారు 2.5 దగ్గర ఉంటుంది. మామూలు గాజు, చాకు ఉక్కు రెండూ 5.5కి అటూ ఇటూగా ఉంటాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. తన కన్నా మెత్తనైన దేన్నైనా గట్టి వస్తువు గీసేస్తుంది. అంటే గోరు తగిలినా గాజు స్క్రీన్‌కి ఏమీ కాదు. కంటికి కనబడని ఇసుక నలుసు మాత్రం దాన్ని గీస్తుంది. గాల్లో ఎగిరే మట్టి దుమ్ములో కూడా ఈ క్వార్ట్జ్ నలుసులు ఉంటాయి.

దుమ్ము స్క్రీన్ మీద ఊరికే కూర్చుని ఉంటే ఏ హానీ లేదు. దాని మీద గుడ్డ పెట్టి, వేలితో నొక్కి, లాగినప్పుడే అది గీతవుతుంది. గుడ్డ ఎంత మెత్తనిదైనా ఆ నలుసు మెత్తబడదు కదా.

ఇంకో సంగతి. అన్ని స్క్రీన్లూ గాజువి కావు. పాత కెమెరాల్లో, తక్కువ ధర కెమెరాల్లో చాలావాటికి పైపొర యాక్రిలిక్ లాంటి ప్లాస్టిక్. అది గాజు కన్నా చాలా మెత్తన. వాటి మీద గీత పడటానికి ఇసుక కూడా అక్కర్లేదు, జిప్పు తగిలినా చాలు. గాజైనా ప్లాస్టిక్ అయినా, ఎండలో మెరుపు కొట్టకుండా పైన సన్నటి కోటింగ్ వేసి ఉండొచ్చు. గాజుకి ఏమీ కాకపోయినా ఈ కోటింగ్ అరిగిపోతే అక్కడక్కడా పొర ఊడినట్టు మచ్చలు తేలతాయి. చాలామంది దాన్ని మరక అనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. మచ్చ ఇంకా పెద్దదవుతుంది.

తుడిచే పద్ధతి

మూడు వస్తువులు చాలు: రబ్బరు బుడ్డిలా ఉండే గాలి బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డలు రెండు, కొద్దిగా డిస్టిల్డ్ వాటర్. కళ్లద్దాల దుకాణంలో ఇచ్చే గుడ్డ కూడా మైక్రోఫైబరే, పనికొస్తుంది.

ముందు కెమెరా ఆఫ్ చేయండి. టచ్ స్క్రీన్ అయితే తుడుస్తున్నప్పుడు మెనూలో ఏదో ఒకటి నొక్కుకుపోతుంది. పైగా నల్లటి స్క్రీన్ మీద మరక బాగా కనిపిస్తుంది.

స్క్రీన్ కిందివైపు చూసేలా కెమెరాని పట్టుకుని, కింది నుంచి పైకి బ్లోయర్‌తో నాలుగైదు సార్లు గాలి కొట్టండి. అలా పట్టుకుంటే లేచిన దుమ్ము మళ్లీ స్క్రీన్ మీదే వాలకుండా కిందికి రాలుతుంది. అంచుల వెంట, స్క్రీన్‌కీ దాని చట్రానికీ మధ్య ఉన్న సందులో ఇంకో రెండుసార్లు కొట్టండి. ఇసుక దాక్కునేది అక్కడే. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర్లు పడతాయి. డబ్బాలో వచ్చే గాలి స్ప్రే కూడా వద్దు. డబ్బా కాస్త వంగితే లోపలి ద్రవం చల్లగా చిమ్మి స్క్రీన్ మీద పడుతుంది.

ఇప్పుడు మొదటి గుడ్డకి ఒక మూల మాత్రమే తడి చేయండి. నీళ్లు కారకూడదు, చేతికి చల్లగా తగిలితే చాలు. నీళ్లు ఎప్పుడూ గుడ్డ మీదే వేయాలి. స్క్రీన్ మీద స్ప్రే చేస్తే ఆ చుక్క అంచు దాకా జారి సందులోంచి లోపలికి పోతుంది. ఆ తడి మూలతో పై అంచు నుంచి కింది అంచుకి ఒకే దిశలో, గుడ్డ బరువు తప్ప మరేం మోపకుండా తీసుకురండి. ఒక వరస అయ్యాక గుడ్డని మడిచి శుభ్రంగా ఉన్న భాగంతో పక్క వరస తుడవండి. గుండ్రంగా తిప్పకండి. ఎక్కడైనా ఒక నలుసు మిగిలిపోయి ఉంటే, నిలువుగా లాగినప్పుడు ఒక గీతతో పోతుంది. గుండ్రంగా తిప్పితే అదే నలుసు పది చుట్లు గీస్తుంది.

తర్వాత రెండో పొడి గుడ్డతో తేమ తీసేయండి. జిడ్డు ఇంకా పోకపోతే స్క్రీన్ మీద నోటి ఆవిరి మెల్లగా పట్టించి, వెంటనే పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. ఇందాక ఊదొద్దని చెప్పి ఇప్పుడు ఆవిరి పట్టమంటున్నానని నవ్వకండి. ఫూ అని ఊదితే తుంపర్లు, హా అని వదిలితే ఆవిరి. రెండింటికీ చాలా తేడా ఉంది. బాగా మొండి జిడ్డయితే కోటింగ్ ఉన్న లెన్సులకి వాడే లెన్స్ క్లీనర్ ఒక్క చుక్క, అదీ గుడ్డ మీదే.

ఈ పని మొత్తానికి ఒక నిమిషం పడుతుంది. కానీ రోజూ చేయకండి. స్క్రీన్ తళతళలాడాలని గంటకోసారి తుడిచేవాళ్ల కెమెరాలే నేను చూసినంతలో ఎక్కువ గీతలతో ఉన్నాయి. వేలిముద్ర ఉన్నంతమాత్రాన ఫోటో చెడిపోదు. జిడ్డు వల్ల ఫోటో సరిగ్గా కనబడనప్పుడు తుడిస్తే సరిపోతుంది. మధ్యలో దుమ్ము పడితే గాలి కొట్టి ఊరుకోండి.

వాడకూడనివి

టిష్యూ పేపర్, పేపర్ టవల్ వద్దు. అవి చెక్క గుజ్జుతో చేసినవి. చేతికి మెత్తగా తగులుతాయి కానీ ప్లాస్టిక్ పైపొరకీ కోటింగ్‌కీ గరుకే. చొక్కా, చున్నీ, చేతిరుమాలు సంగతి నా కథ చదివాక వేరే చెప్పక్కర్లేదు.

ఇంట్లో కిటికీ అద్దాలు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. అది కోటింగ్‌కి పడదు. ఆల్కహాల్ ప్లాస్టిక్ స్క్రీన్ మీద ఇంకా ప్రమాదం. యాక్రిలిక్‌కి ఆల్కహాల్ తగిలితే లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చినట్టు కనిపిస్తాయి, ఇక పోవు. మీ స్క్రీన్ గాజో ప్లాస్టిక్కో తెలియకపోతే ఆల్కహాల్ జోలికి వెళ్లకండి. గోళ్లరంగు తీసే అసిటోన్ అయితే ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది.

చేతికి రాసుకునేవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. దోమల మందుల్లో డీట్ అనే రసాయనం ఉంటే అది చాలా రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. అడవిలో పక్షుల ఫోటోలు తీసేవాళ్లు ఈ మందు బాగా పూసుకుని, అదే చేత్తో కెమెరా పట్టుకుంటారు. కొన్నాళ్లకి స్క్రీన్ అంచులు, రబ్బరు పట్టు జిగటగా తయారవుతాయి. సన్‌స్క్రీన్ లోషన్, శానిటైజర్ కూడా చేతిమీద పూర్తిగా ఆరాకే కెమెరా తీయండి. వీలుంటే దోమల మందుని మోచేతి పైనుంచి పూసుకుని, అరచేతులు కడుక్కోండి.

గుడ్డ గురించి ఒక్క మాట. మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, పాలిఅమైడ్ పోగుల్ని వెంట్రుక కన్నా సన్నగా చీల్చి నేసినది. ఆ చీలికల మధ్యకే జిడ్డూ దుమ్మూ చేరతాయి. మంచిదే, కానీ అక్కడ చేరిన దుమ్ము మళ్లీ మీ స్క్రీన్ మీదికే వస్తుంది. అందుకని దాన్ని తరచూ ఉతకండి. మామూలు సబ్బు నీళ్లు చాలు. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్ మాత్రం వేయకండి, పోగులకి పూత పట్టి ఇక జిడ్డు పీల్చదు. నూలు బట్టలతో కలిపి మెషిన్లో వేస్తే వాటి నూగంతా దీనికి పట్టుకుంటుంది, విడిగా ఉతకండి. ఆరాక జిప్పు ఉన్న చిన్న కవర్లో పెట్టండి. బ్యాగు అడుగున ఊరికే పడేస్తే అక్కడి దుమ్మంతా దానికే అంటుతుంది. గుడ్డ కింద పడిందా, ఉతికేదాకా దానితో స్క్రీన్ ముట్టుకోకండి. స్క్రీన్ గుడ్డ, లెన్స్ గుడ్డ వేరువేరుగా ఉండాలి. ముక్కు జిడ్డు పట్టిన గుడ్డతో లెన్స్ తుడిస్తే, పోయిన మరక కన్నా వచ్చిన మరక పెద్దది.

స్క్రీన్ గార్డ్: ఏది తీసుకోవాలి?

కొత్త కెమెరా మీద ఫ్యాక్టరీలో వేసిన పల్చటి ప్లాస్టిక్ పొరని చాలామంది నెలల తరబడి తీయరు. కొత్తదనం పోతుందని బాధ కాబోలు. అది పెట్టెలోంచి మీ చేతికి వచ్చేదాకా కాపాడటానికి మాత్రమే. కొన్నాళ్లకి దాని మూలలు లేస్తాయి, కిందికి ఇసుక చేరుతుంది. ఆ పొర మీద వేలు నొక్కినప్పుడల్లా ఇసుక స్క్రీన్‌కి రాసుకుంటుంది. గార్డ్ చేతిలో సిద్ధంగా పెట్టుకుని, ఆ పొర తీసిన వెంటనే అతికించేయండి. స్క్రీన్ అంత శుభ్రంగా మళ్లీ ఎప్పుడూ దొరకదు.

వెనక స్క్రీన్ పెట్టిన కెమెరా అందరి చేతుల్లోకీ రావడం 1995లో కాసియో క్యూవీ-10తో మొదలైంది. దాని స్క్రీన్ 1.8 అంగుళాలే. స్క్రీన్లు పెద్దవయ్యేకొద్దీ గీతల గొడవా పెరిగింది. నికాన్ డీ300, డీ90 లాంటి కెమెరాలతో పాటు స్క్రీన్ మీద క్లిప్పులా బిగించే గట్టి ప్లాస్టిక్ మూత ఇచ్చేవారు. అది గీతలు పడితే తీసి కొత్తది వేసుకోవచ్చు. కానీ మూతకీ స్క్రీన్‌కీ మధ్య దుమ్ము చేరేది, చలి నుంచి వెచ్చటి చోటికి వెళ్తే లోపల ఆవిరి పట్టేది. ఇప్పుడు అంతా అతికించేవే.

వాటిలో రెండు రకాలు. ఒకటి టెంపర్డ్ గ్లాస్, మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు. రెండోది పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్. స్క్రీన్ కదలకుండా వెనక్కి అతుక్కుని ఉండే కెమెరా అయితే కళ్లు మూసుకుని గ్లాస్ తీసుకోండి. దెబ్బ తగిలితే అది పగిలి అసలు స్క్రీన్‌ని కాపాడుతుంది. మందంగా ఉంటుంది కాబట్టి బుడగలు లేకుండా అతికించడం కూడా తేలిక. స్క్రీన్ బయటికి తెరుచుకుని, తిప్పి మళ్లీ లోపలికి మడిచే కెమెరా అయితే ఆలోచించాలి. కొన్నిట్లో ఆ 0.3 మిల్లీమీటర్ల మందానికి కూడా స్క్రీన్ పూర్తిగా మూసుకోదు. అలాంటివాటికి ఫిల్మ్ నయం. ఫిల్మ్‌లో టీపీయూ అనే ప్లాస్టిక్ రకం రబ్బరులా మెత్తగా ఉండి, చిన్న గీతలు కొంతసేపటికి తనంతట తానే పూడ్చుకుంటుంది. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని ఫోటోలు తీసే అలవాటుంటే ఇంకోటి గమనించండి. కొన్ని ప్లాస్టిక్ ఫిల్ములు ఆ అద్దాల్లోంచి ఇంద్రధనుస్సు రంగుల్లో కనిపిస్తాయి. గ్లాస్‌తో సాధారణంగా ఆ బాధ ఉండదు.

గార్డ్ పెట్టె మీద 9హెచ్ అని రాసి ఉంటే అది మోస్ కొలమానంలో 9 అనుకుని మోసపోకండి. అది పెన్సిల్ గట్టిదనంతో కొలిచే వేరే లెక్క. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడదని అర్థం, అంతే. ఇసుక దాన్నీ గీస్తుంది. కాకపోతే గీత పడేది మార్చుకోగలిగే దాని మీద.

కొలత మాత్రం జాగ్రత్త. 3 అంగుళాల స్క్రీన్ అంటే మూల నుంచి మూలకి 3 అంగుళాలు. 4:3 ఆకారంలో ఉంటే అది సుమారు 61 మిల్లీమీటర్ల వెడల్పు, 46 మిల్లీమీటర్ల ఎత్తు. 3:2 అయితే సుమారు 63, 42. రెండూ 3 అంగుళాలే, ఒకదానిది ఇంకోదానికి సరిపోదు. పైగా ఇవి బొమ్మ కనబడే భాగం కొలతలు, చుట్టూ ఉన్న నల్లటి అంచు వేరే. మీ మోడల్ పేరుతో దొరికేదే కొనండి. పైన చిన్న డిస్‌ప్లే ఉన్న కెమెరాలకి దాని ముక్క కూడా కలిపి ఇచ్చేవి ఉంటాయి. పైనున్న ఆ డిస్‌ప్లేని అందరూ మర్చిపోతారు, బ్యాగు జిప్పు తగిలేది ఎక్కువగా దానికే.

అతికించడం

ఇక్కడ శత్రువు దుమ్ము ఒక్కటే. ఫ్యాన్ ఆపేయండి. పరుపు, కార్పెట్ ఉన్న గది వద్దు. వేడినీళ్ల స్నానం చేసి ఆవిరంతా తగ్గాక ఆ స్నానాలగది బాగా పనికొస్తుంది, గాల్లోని దుమ్ము తేమకి కిందికి దిగిపోయి ఉంటుంది. ఆవిరి ఇంకా కమ్ముకుని ఉన్నప్పుడు మాత్రం కెమెరాని తీసుకెళ్లకండి. చేతులు కడుక్కుని ఆరనివ్వండి. నూగు రాలే స్వెటర్ వేసుకుని కూర్చోకండి.

1. పైన చెప్పిన పద్ధతిలో స్క్రీన్ తుడవండి. గార్డ్‌తో పాటు తడి గుడ్డ, పొడి గుడ్డ ఇస్తే ఆ వరసలో వాడండి. అయితే ఆ తడి గుడ్డలో ఉండేది సాధారణంగా ఆల్కహాలే. స్క్రీన్ ప్లాస్టిక్‌దని అనుమానం ఉంటే దాన్ని పక్కన పెట్టి నీళ్ల తడితో తుడవండి.

2. గార్డ్ వెనక పొర తీయకుండానే స్క్రీన్ మీద పెట్టి నాలుగు వైపులా సందు సమానంగా ఉండేలా సరిచూడండి. అలాగే ఉంచి, ఒక పక్క అంచుకి రెండు చిన్న టేపు ముక్కలు వేయండి, సగం గార్డ్ మీద, సగం కెమెరా మీద. ఇప్పుడు గార్డ్ తలుపులా తెరుచుకుంటుంది, మూస్తే సరిగ్గా అదే చోటికి వస్తుంది. ఈ ఒక్క చిట్కా తెలియక నేను మొదట్లో రెండు గార్డులు వంకరగా అతికించి పారేశాను.

3. తలుపు తెరిచి, స్క్రీన్ మీద చివరిసారి బ్లోయర్ కొట్టండి. వెలుతురుకి పెట్టి చూడండి. ఎక్కడైనా నలుసు కనబడితే దుమ్ము తీసే స్టిక్కర్‌తో అద్ది తీయండి, తుడవకండి. స్టిక్కర్ లేకపోతే టేపు ముక్క చాలు.

4. వెనక పొర తీసిన వెంటనే తలుపు మూసేయండి. గ్లాస్ అయితే మధ్యలో వేలితో ఒకసారి నొక్కి వదిలేయండి. నీళ్లు పాకినట్టు జిగురు మధ్య నుంచి అంచులకి దానంతట అదే పాకుతుంది, చూడటానికి సరదాగా ఉంటుంది. ఫిల్మ్ అయితే ఒక పక్క నుంచి మొదలుపెట్టి, గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కార్డుతో కొంచెం కొంచెంగా ముందుకి నెడుతూ గాలి బయటికి పంపండి.

ఇంత చేసినా బుడగలు ఉంటాయి. ఖంగారు పడకండి. చిన్న గాలి బుడగలు ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే పోతాయి. మధ్యలో చుక్కలాంటి నలుసు ఉన్న బుడగ మాత్రం ఎన్నాళ్లయినా పోదు. అది గాలి కాదు, కింద దుమ్ము ఉంది. గార్డ్‌ని ఆ మూల నుంచి కొద్దిగా లేపి, టేపు ముక్క లోపలికి పెట్టి ఆ నలుసుని అద్ది తీసి మళ్లీ దించండి. నలుసు గార్డ్‌కే అంటుకుని ఉంటే టేపుని జిగురు వైపు అద్దినా ఏం కాదు.

పాత గ్లాస్ తీయాల్సి వస్తే లోహపు వస్తువు దేన్నీ కిందికి దూర్చకండి. పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని ఒక మూల కిందికి పోనిచ్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ లాగుతూ పోతే జిగురు వదులుతుంది. పగిలిన గ్లాస్ అయితే ముందు దాని మీద నిండా టేపు అతికించండి, ముక్కలు చేతికి గుచ్చుకోవు.

రోజువారీ అలవాట్లు

కెమెరా మెడలో వేసుకుంటే వెనక స్క్రీన్ మీ చొక్కా గుండీలకి ఆనుతుంది. నడుస్తున్నంతసేపూ రాసుకుంటూనే ఉంటుంది. స్ట్రాప్ పొడవు పెంచితే అది బెల్టు బకిల్ దగ్గరికి దిగుతుంది, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు. నేను అడ్డంగా భుజం మీంచి వేసుకుంటాను, కెమెరా పక్కటెముకల పక్కన ఉంటుంది, అక్కడ గుండీలుండవు.

బ్యాగులో పెట్టేటప్పుడు స్ట్రాప్‌ని కెమెరా చుట్టూ చుడతాం కదా, ఒకసారి అలా చుట్టి చూడండి. స్ట్రాప్ పొడవు సరిచేసే ప్లాస్టిక్ బకిల్ సరిగ్గా స్క్రీన్ మీదికే వస్తుంది. బండి కుదుపులకి అది అక్కడే రాసుకుంటుంది. స్ట్రాప్‌ని లెన్స్ వైపు చుట్టండి. తాళాలు, చిల్లర ఉన్న జేబులో చిన్న కెమెరా పెట్టకండి.

స్క్రీన్ తిరిగే కెమెరా మీ దగ్గరుంటే అదృష్టవంతులు. పని అవగానే స్క్రీన్ ముఖం కెమెరా ఒంటివైపు ఉండేలా మడిచేయండి. అంతకన్నా మంచి గార్డ్ ఎక్కడా దొరకదు. మడిచే ముందు లోపల ఇసుక లేదని చూసుకోండి.

ఇక ముక్కు. వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ, మధ్యలో ఉన్న కెమెరాలో కుడికంటితో చూస్తే ముక్కు స్క్రీన్‌కి ఎడమవైపు తగులుతుంది, ఎడమకంటితో చూస్తే కుడివైపు. ఏ కన్నయినా తప్పదు. వ్యూఫైండర్ ఎడమ మూలన ఉన్న కెమెరాల్లో కుడికన్ను వాళ్లు ఈ బాధ తప్పించుకుంటారు. వ్యూఫైండర్ చుట్టూ తొడిగే రబ్బరు ఐకప్ కాస్త ముందుకి పొడుచుకొచ్చినది వేస్తే ముక్కుకీ స్క్రీన్‌కీ మధ్య ఎడం పెరుగుతుంది. వ్యూఫైండర్లో చూస్తూ స్క్రీన్ మీద వేలితో ఫోకస్ పాయింట్ జరిపే సౌకర్యం ఆన్‌లో ఉంటే, ముక్కు తగిలి ఫోకస్ ఎక్కడికో పోతుంది. మెనూలో స్క్రీన్ మీద వేలికి పనిచేసే భాగాన్ని ముక్కు తగలని వైపుకి మార్చుకోండి.

దీనికి చుట్టమైన ఇంకో సమస్య. ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడి, ఎన్ని బటన్లు నొక్కినా వెలగకపోతే స్క్రీన్ పాడైందని ఖంగారు పడకండి. చాలా కెమెరాల్లో వ్యూఫైండర్ పక్కన చిన్న నల్లటి సెన్సర్ ఉంటుంది, కన్ను దగ్గరికి వచ్చిందని కనిపెట్టి స్క్రీన్ ఆపేస్తుంది. దానిమీద జిడ్డు పట్టినా, స్ట్రాప్ అడ్డుపడినా కన్నే వచ్చిందనుకుంటుంది. గుడ్డ మూలతో తుడిస్తే చాలు.

సముద్రం దగ్గర పొడి గుడ్డ బయటికి తీయకండి. తుంపర ఆరితే ఉప్పు మచ్చలవుతుంది, దాంట్లో ఇసుక కలిసి ఉంటుంది. బ్లోయర్ కొట్టి, మంచినీళ్ల తడి గుడ్డతో ముందు ఉప్పుని కరగనిచ్చి, ఒత్తకుండా లాగేయండి. గుడ్డ మడత మార్చి ఇంకోసారి. పొడి గుడ్డ ఆఖర్నే.

ఇప్పటికే గీతలు ఉంటే

టూత్‌పేస్ట్ రుద్దమని ఎవరో ఒకరు చెబుతారు. వంటసోడా, కారు పాలిష్ అని కూడా. ఇవన్నీ సన్నగా అరగదీసే పొడులే. ఒక గీత చుట్టూ ఉన్న పొరని అరగదీసి గీతని కనబడకుండా చేయాలని చూస్తాయి. కోటింగ్ ఉన్న స్క్రీన్ మీద రుద్దితే గీత స్థానంలో రూపాయి బిళ్లంత మసక మచ్చ మిగులుతుంది. వద్దు.

దాని బదులు మంచి గార్డ్ ఒకటి అతికించండి. దాని జిగురు సన్నటి గీతల్లోకి చేరి వాటిని నింపుతుంది. నా పాత కెమెరా మీద సాలెగూడు గీతలు దాదాపు మాయమయ్యాయి. వేలిగోరుకి తగిలేంత లోతైన గీత మాత్రం పోదు. గార్డ్ మీదే గీత పడితే ఆలోచించేదేముంది, తీసి మార్చడమే. పైన జిడ్డు అంటకుండా వేసిన పూత కూడా వాడకంతో అరిగిపోతుంది. ఎంత తుడిచినా వేలిముద్రలు వదలడం లేదంటే గార్డ్‌కి కాలం చెల్లిందని అర్థం.

మరీ లోతైన గీత ఉంటే చాలా మోడళ్లకి స్క్రీన్ పైన గాజు మార్చవచ్చు. అది సర్వీస్ సెంటర్ పని. ముందు గీత వల్ల నిజంగా ఇబ్బంది ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే స్క్రీన్ మీది గీత ఫోటోలోకి రాదు. ఏదైనా ఫోటో తెరిచి జూమ్ చేసి, పక్కకి జరపండి. ఆ వెంట్రుక ఫోటోతో పాటు కదిలితే అది ఫోటోలో ఉంది, అప్పుడు లెన్స్ సంగతి, సెన్సర్ సంగతి చూడాలి. ఫోటో జరిగినా అది మాత్రం ఉన్నచోటే ఉంటే, స్క్రీన్ మీది గీతే.